ఫీజుల మీద పన్ను, మన పిల్లల క్లాసులు: బ్రిటన్‌లోని తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

బ్రిటన్‌లోని తెలుగు సంఘాల బాధ్యులకు, ప్రైవేట్ స్కూల్ ఫీజుల మీద వ్యాట్ ఎత్తేయాలంటూ వినతిపత్రం తయారుచేస్తున్న తల్లిదండ్రులకు,

నమస్కారం.

మీ వినతిపత్రం ముసాయిదా మా ఊరి తెలుగు వాట్సాప్ గ్రూపులో కొన్నాళ్లుగా తిరుగుతోంది. సంతకం పెట్టమని నాకూ ఫోన్లు వచ్చాయి. చేసినవాళ్లలో చాలామంది నాకు బాగా కావలసినవాళ్లు. అయినా పెట్టలేనని చెప్పాను. ఎందుకు పెట్టలేనో ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పేకన్నా అందరికీ కలిపి రాయడం మేలనిపించింది. మీ ప్రయత్నానికి అడ్డం పడాలని రాయడం లేదు. ఆ కాగితంలో ఉన్న ఆవేదన నిజమైనది. కానీ అందులో చెప్పిన కారణం నిలబడదు, అడగాల్సినవి మాత్రం అడగకుండా మిగిలిపోయాయి. ఆ రెండూ సరిచేస్తే మొదటి సంతకం నాదే.

నేను ఇంగ్లండ్‌లో ఒక స్టేట్ (ప్రభుత్వ) ప్రైమరీ స్కూల్లో పేరెంట్ గవర్నర్‌ని, అంటే స్కూలు పాలకమండలిలో తల్లిదండ్రుల ప్రతినిధిని. జీతం లేని పని. టర్మ్‌కు కొన్ని సాయంత్రాలు స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని, బడ్జెట్ కాగితాలు చూసి, హెడ్‌టీచర్‌ని ప్రశ్నలడిగి, ఇష్టం లేని నిర్ణయాలకు కూడా చెయ్యెత్తాల్సి వస్తుంది. ఏ టీచర్ పోస్టు ఉంచాలి, ఏ టీచింగ్ అసిస్టెంట్ (టీఏ) గంటలు తగ్గించాలి అన్నది ఆ బల్ల దగ్గరే తేలుతుంది. క్లాసులో పిల్లల సంఖ్య ఎందుకు పెరుగుతుందో, ఎందుకు తగ్గుతుందో అక్కడ చాలా దగ్గర నుంచి కనబడుతుంది.

ముందు మీ కష్టం సంగతి. 2025 జనవరి 1 నుంచి ప్రైవేట్ స్కూల్ ఫీజుల మీద 20 శాతం వ్యాట్ పడుతోంది. అంతకుముందు డే స్కూల్ సగటు ఫీజు ఏడాదికి 18 వేల పౌండ్ల దరిదాపుల్లో ఉండేది. స్కూలు ఆ పన్నంతా తల్లిదండ్రుల మీదే వేస్తే ఒక్కో బిడ్డకు ఏడాదికి 3,600 పౌండ్లు అదనం. ఇద్దరుంటే 7,200. స్కూళ్లు తమ ఖర్చుల మీద కట్టిన వ్యాట్‌ను వెనక్కి తీసుకోవచ్చు కాబట్టి కొంత తామే సర్దుకుంటాయని, పెంపు సగటున 10 శాతం దగ్గర ఆగుతుందని ప్రభుత్వం అనుకుంది. ఇంటికొచ్చిన బిల్లు వేరుగా ఉంది. మామూలుగా ఏటా వేసే పెంపు, వ్యాట్ రెండూ కలిపి ఒక్క ఏడాదిలో సగటు ఫీజు 22 శాతానికి పైగా పెరిగిందని ప్రైవేట్ స్కూళ్ల మండలి సొంత లెక్కలే చెబుతున్నాయి. దానికి తోడు ఛారిటీ హోదా ఉన్న ప్రైవేట్ స్కూళ్లకు ఇంగ్లండ్‌లో బిజినెస్ రేట్ల (భవనాల మీద పన్ను) మీద ఉన్న రాయితీ కూడా 2025 ఏప్రిల్‌లో పోయింది.

మనవాళ్లలో ప్రైవేట్‌కు పంపేవాళ్లంతా కోటీశ్వరులు కారు. భార్యాభర్తలిద్దరూ ఎన్‌హెచ్‌ఎస్‌లో షిఫ్టులు చేస్తూ, సాయంత్రం ఆరు దాకా పిల్లల్ని చూసుకునే స్కూలు కావాలని చేర్పించినవాళ్లు ఉన్నారు. ఇల్లు కొనడం వాయిదా వేసి ఫీజులు కడుతున్న ఐటీ వాళ్లున్నారు. స్టేట్ స్కూల్లో ఒకటికి రెండుసార్లు సీటు రాక, గత్యంతరం లేక వెళ్లినవాళ్లున్నారు. చదువు సంవత్సరం మధ్యలో, జనవరిలో, ఈ పన్ను మొదలుపెట్టడం అన్యాయం. సెప్టెంబర్ దాకా ఆగి ఉంటే కుటుంబాలకూ స్కూళ్లకూ సర్దుకునే వ్యవధి ఉండేది. ఈ మాట మీ వినతిపత్రంలో ఉండాలి, ఇంకా గట్టిగా ఉండాలి.

పన్ను ఉండొచ్చా లేదా అన్నది వేరే వాదన. నా మటుకు నాకు, ఉండొచ్చనే అనిపిస్తుంది. మీలో చాలామందికి అలా అనిపించదు, అర్థం చేసుకోగలను. యూరోపియన్ యూనియన్ నియమాల్లో చదువుకు వ్యాట్ మినహాయింపు ఉంది, 2015లో గ్రీస్ 23 శాతం వేసి ఆ ఏడాదే వెనక్కి తగ్గింది, ఇండియాలో హయ్యర్ సెకండరీ దాకా స్కూలు ఫీజుల మీద జీఎస్టీ లేదు. ఇవన్నీ మీరు రాశారు, అన్నీ నిజాలే. న్యూజీలాండ్‌లో ప్రైవేట్ స్కూల్ ఫీజుల మీద 15 శాతం జీఎస్టీ ఉన్న సంగతి కూడా నిజమే. ఇక్కడ కొన్ని కుటుంబాలు, చిన్న స్కూళ్లు కోర్టుకు వెళ్తే 2025 జూన్ 13న హైకోర్టు ఆ కేసులు కొట్టేసింది. ఇది పార్లమెంట్ తేల్చుకోవాల్సిన విషయమని చెప్పింది. ఇప్పట్లో ఈ పన్ను పోతుందని ఆశ పెట్టుకోవడం కష్టం.

నా అభ్యంతరమంతా మీ కాగితంలోని అసలు వాదన మీద. పన్ను వేస్తే పిల్లలు స్టేట్ స్కూళ్లకు పోటెత్తుతారని, క్లాసులు కిక్కిరిసిపోతాయని, అందరి చదువూ దెబ్బతింటుందని, అందుకే ఎత్తేయమని అడిగారు. ఈ వాదన పట్టుకుని ఎంపీ దగ్గరికి వెళ్తే ఆయన ఆఫీసులో కూర్చున్న కుర్రాడు ఐదు నిమిషాల్లో కొట్టిపారేస్తాడు. లెక్కలు మనవైపు లేవు.

ఇంగ్లండ్‌లో ప్రైవేట్ స్కూళ్లలో చదివే పిల్లలు నూటికి ఏడుగురు. ఈ పన్ను వల్ల కాలక్రమంలో ప్రైవేట్ స్కూళ్లలో 37 వేల మంది తగ్గుతారని, వాళ్లలో 35 వేల మంది స్టేట్ స్కూళ్లకు వస్తారని ప్రభుత్వ అంచనా. ఐఎఫ్‌ఎస్ అనే స్వతంత్ర పరిశోధన సంస్థ 2023లోనే 20 వేల నుంచి 40 వేల మధ్య ఉండొచ్చని చెప్పింది. పై అంకెనే తీసుకోండి. ఇంగ్లండ్‌లో స్టేట్ ప్రైమరీలు, సెకండరీలు కలిపి 20 వేల పైచిలుకు ఉన్నాయి. సగటున స్కూలుకు ఇద్దరు పిల్లలు, అదీ ఏళ్ల తరబడి మెల్లగా. 2025 జనవరి లెక్కల్లో ప్రైవేట్ స్కూళ్ల పిల్లల సంఖ్య అంతకుముందు ఏడాది కన్నా 11 వేలు తగ్గి 5,82,500 దగ్గరికి వచ్చింది. ఆ తగ్గుదలంతా పన్ను వల్లేనని కూడా చెప్పలేం, ఎందుకంటే ఈ దేశంలో అసలు పిల్లలే తగ్గుతున్నారు.

ఈ సంగతి మన గ్రూపుల్లో ఎవరూ మాట్లాడరు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 2012లో దాదాపు 7,30,000 మంది పిల్లలు పుట్టారు. 2023లో 5,91,000. 1977 తర్వాత అంత తక్కువ ఎప్పుడూ లేదు. 2012లో పుట్టినవాళ్లు ఇప్పుడు సెకండరీలో ఉన్నారు. వాళ్ల వెనక వచ్చే ఒక్కో బ్యాచూ చిన్నదవుతోంది. ఇంగ్లండ్ స్కూళ్లన్నిటిలో కలిపి 2025 జనవరితో ముగిసిన ఒక్క ఏడాదిలోనే దాదాపు 60 వేల మంది తగ్గారు. లండన్‌లో హాక్నీ, లాంబెత్, సదక్, కామ్‌డెన్ లాంటి చోట్ల స్థానిక కౌన్సిళ్లు ప్రైమరీ స్కూళ్లను మూసేస్తున్నాయి, లేదా పక్క స్కూళ్లలో కలిపేస్తున్నాయి. రిసెప్షన్‌లో (నాలుగైదేళ్ల పిల్లలు చేరే మొదటి క్లాసులో) 30 సీట్లుంటే 19 మంది చేరిన స్కూళ్ల హెడ్‌టీచర్లకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. స్కూలుకు డబ్బు తలల లెక్కన వస్తుంది. టీచర్ జీతం మాత్రం 19 మందికైనా 30 మందికైనా ఒకటే. అలాంటి స్కూలు తలుపు తట్టి ప్రైవేట్ నుంచి ఒక పాప వస్తే వాళ్లు సంతోషంగా చేర్చుకుంటారు.

మరి ఇరుకు లేదా అంటే, ఉంది. అది ఎక్కడుందో సరిగ్గా చెప్పాలనే ఈ లేఖ.

రిసెప్షన్, ఇయర్ 1, ఇయర్ 2 క్లాసుల్లో ఒక టీచర్‌కు 30 మందికి మించి ఉండకూడదని 1998 నాటి చట్టం ఉంది. కొన్ని మినహాయింపులు తప్ప ఆ గీత ఎవరూ దాటరు. ఇయర్ 3 నుంచి అలాంటి గీత లేదు. సెకండరీలో అసలే లేదు. ప్రైవేట్ నుంచి పిల్లలు ఇంగ్లండ్ అంతటా సమానంగా పరుచుకుని రారు. సర్రే, రిచ్‌మండ్ లాంటి చోట్ల ప్రైవేట్‌లో చదివే పిల్లల వాటా దేశ సగటు కన్నా చాలా ఎక్కువ. ఆ చుట్టుపక్కల మంచి పేరున్న స్టేట్ స్కూళ్లు ముందే నిండి ఉంటాయి. ఇయర్ 7లోనో (సెకండరీ మొదటి ఏడాది), సిక్స్త్ ఫారమ్‌లోనో (పదహారేళ్ల తర్వాతి రెండేళ్లు) మారే పిల్లలు మామూలు అడ్మిషన్ల వరుసలోనే వస్తారు కాబట్టి ఎలాగో సర్దుబాటు అవుతుంది. ఇయర్ 4, ఇయర్ 8, ఇయర్ 9లలో మధ్యలో వచ్చే పిల్లలతోనే చిక్కు. ఇయర్ 10 దాటితే ఇంకో తంటా: చాలా ప్రైవేట్ స్కూళ్లు ఇంటర్నేషనల్ జీసీఎస్‌ఈ చెబుతాయి, స్టేట్ స్కూళ్లు మామూలు జీసీఎస్‌ఈ (పదహారేళ్లకు రాసే పరీక్షలు) చెబుతాయి. సిలబస్ కలవదు. ఆ వయసులో పిల్లను మార్చడమంటే ఏడాది చదువు పణంగా పెట్టడమే.

మా స్కూల్లో చూసిన ఒక్క సంగతి చెప్తాను. ఇయర్ 4 క్లాసులోకి ఏడాది మధ్యలో ఒక అబ్బాయి వచ్చాడు. అంతకుముందు ప్రైవేట్‌లో పదహారు మంది ఉన్న క్లాసులో చదివేవాడు. మా క్లాసులో అతను ముప్పై ఒకటో వాడు. క్లాసు బయట కోట్లు తగిలించుకునే పెగ్‌లు 30. ఒక్కో పెగ్ మీద ఒక్కో పేరు, పక్కన పిల్లలే వేసుకున్న బొమ్మ. ఈ అబ్బాయి కోటు కొన్నాళ్లు కుర్చీ వెనక వేలాడింది. తర్వాత టీచర్ తనే గోడకు ఒక కొక్కెం అంటించి పేరు రాసింది. అబ్బాయి చక్కగా కలిసిపోయాడు, స్నేహితులు దొరికారు, లెక్కల్లో ముందుండేవాడు. ముప్పై ఒకటో పిల్లవాడి వల్ల క్లాసు కూలిపోలేదు. ఇది మీకు స్పష్టంగా చెప్పాలి.

మేము బడ్జెట్ మీటింగులో తల పట్టుకున్నది మాత్రం అతని వెంట డబ్బు రాకపోవడం గురించి.

ఇంగ్లండ్‌లో స్కూళ్లకు పిల్లల లెక్క ఏటా అక్టోబర్ మొదటి గురువారం తీస్తారు. ఆ రోజు రిజిస్టర్‌లో ఉన్న తలలను బట్టి తర్వాతి బడ్జెట్ తయారవుతుంది. కౌన్సిల్ స్కూళ్లకు ఆ బడ్జెట్ మరుసటి ఏప్రిల్‌లో మొదలవుతుంది, అకాడమీలకు (కౌన్సిల్ చేతిలో లేని స్టేట్ స్కూళ్లకు) మరుసటి సెప్టెంబర్‌లో. ఇప్పుడు లెక్క చూడండి. 2025 జనవరిలో, వ్యాట్ మొదలైన నెలలో, ఒక పాప ప్రైవేట్ మానేసి స్టేట్ స్కూల్లో చేరింది అనుకుందాం. ఆమె మొదటిసారి లెక్కలోకి వచ్చేది 2025 అక్టోబర్‌లో. ఆమె పేరు మీద డబ్బు కౌన్సిల్ స్కూలుకు 2026 ఏప్రిల్‌లో, అకాడమీకి 2026 సెప్టెంబర్‌లో వస్తుంది. పదిహేను నుంచి ఇరవై నెలలు. ఆ లోపల పాప తల్లిదండ్రుల నుంచి ప్రభుత్వానికి ఫీజు మీద వ్యాట్ రాలేదు, ఆమెను చదివిస్తున్న స్కూలుకు ప్రభుత్వం పైసా అదనంగా ఇవ్వలేదు.

ఎవరైనా వెళ్లిపోయిన ఖాళీలోకి ఆ పాప వస్తే పరవాలేదు. వెళ్లిన పిల్ల డబ్బు ఇంకా స్కూలు దగ్గరే ఉంటుంది. క్లాసు నిండి ఉన్నప్పుడు వస్తేనే లోటు. 2025-26లో ప్రైమరీ స్కూలుకు ఒక్కో పిల్లకు ప్రభుత్వం హామీ ఇచ్చిన కనీస మొత్తం 4,955 పౌండ్లు, సెకండరీలో 6,465. ఒకే ఏడాది మధ్యలో నలుగురు చేరితే ప్రైమరీకి దాదాపు 20 వేల పౌండ్లు. అది ఒక టీఏ జీతంతో సమానం. కౌన్సిళ్ల దగ్గర గ్రోత్ ఫండ్ ఒకటి ఉంటుంది కానీ, అది ప్రధానంగా కొత్తగా ఒక క్లాసు మొత్తం తెరవాల్సినంతగా పెరిగే స్కూళ్ల కోసం. ఇద్దరు ముగ్గురు చేరితే దానికి అర్హత ఉండదు.

ఇదే ఏడాది ఇంకేం జరిగిందో కూడా గుర్తు చేసుకోండి. 2025 ఏప్రిల్‌లో ఉద్యోగుల జీతాల మీద యజమానులు కట్టే నేషనల్ ఇన్సూరెన్స్ 13.8 శాతం నుంచి 15కు పెరిగింది. ప్రభుత్వం ఇచ్చిన గ్రాంటు చాలా స్కూళ్లకు పూర్తిగా సరిపోలేదు. టీచర్లకు 4 శాతం జీతం పెంచారు, న్యాయమైన పెంపే, కానీ అందులో మొదటి ఒక శాతం స్కూళ్లే తమ బడ్జెట్‌లో చూసుకోమన్నారు. ఇవన్నీ కలిసి వచ్చి పడితే మొదట పోయేది టీఏ గంటలు. తర్వాత చదవడంలో వెనకబడిన పిల్లలకు విడిగా చెప్పే చిన్న గ్రూపులు. చివరికి రెండు చిన్న క్లాసుల్ని కలిపి ఒకే పెద్ద క్లాసు చేస్తారు. మా బల్ల దగ్గర క్లాస్ సైజు పెరిగేది ఇలాగే. ప్రైవేట్ నుంచి వచ్చిన పిల్లలు ఇందులో చాలా చిన్న భాగం, డబ్బు ఆలస్యం పెద్ద భాగం.

ఇక పన్ను డబ్బు ఎటు పోతోంది? ఎన్నికల ముందు లేబర్ పార్టీ ఈ వ్యాట్ పేరు చెప్పే 6,500 మంది కొత్త టీచర్లను తెస్తామంది. 2025-26లో ఈ పన్ను మీద సుమారు 1.5 బిలియన్ పౌండ్లు వస్తాయని ట్రెజరీ (ఆర్థికశాఖ) అంచనా. అయితే వ్యాట్ డబ్బు ఏదైనా ఖజానాలో కలిసిపోయేదే, దాని మీద స్కూళ్ల పేరు రాసి ఉండదు. 2025 జూన్‌లో ప్రధాని కైర్ స్టార్మర్ ఇదే పన్నును అందుబాటు ధరల ఇళ్ల పథకంతో ముడిపెట్టి మాట్లాడారు. ఇళ్లు కూడా కావాలి, కాదనను. కానీ టీచర్ల కోసమని చెప్పి తీసుకున్న డబ్బుకు టీచర్ల లెక్క చూపించాలి కదా. ఆ నెలలోనే వచ్చిన అధికారిక లెక్కల్లో, 2024 నవంబర్ నాటికి ఇంగ్లండ్‌లో మొత్తం టీచర్లు ఏడాదిలో 400 మంది తగ్గారు. సెకండరీల్లో, స్పెషల్ స్కూళ్లలో పెరిగారు, ప్రైమరీల్లో 2,900 మంది తగ్గారు. 6,500 అనే అంకెలో ప్రైమరీ టీచర్లు లేరని ప్రభుత్వం తర్వాత వివరించింది. సెకండరీ, స్పెషల్ స్కూళ్లు, కాలేజీలు మాత్రమేనట. ప్రైమరీలో పిల్లలు తగ్గుతున్నారు కాబట్టి టీచర్లు అక్కర్లేదంటున్నారు. పిల్లలు తగ్గినప్పుడే కదా అదే టీచర్లతో క్లాసులు చిన్నవి చేసుకునే అవకాశం. ఇరవై ముగ్గురు ఉన్న క్లాసు ఎంత బాగుంటుందో ఒక్కసారి చూసినవాళ్లకు తెలుస్తుంది. పిల్లలు తగ్గిన దామాషాలో టీచర్లనూ తగ్గించేస్తే క్లాసు ఎప్పటికీ ఇప్పుడున్నంత పెద్దదిగానే ఉంటుంది. ఆ అవకాశం మళ్లీ మన పిల్లల తరానికి రాదు.

ప్రత్యేక అవసరాలున్న పిల్లల సంగతి మీరు రెండు వాక్యాల్లో ముగించారు. నిజానికి వినతిపత్రంలో అదే ముందు ఉండాలి. కౌన్సిల్ ఈహెచ్‌సీపీ అనే ప్లాన్ (ఆ బిడ్డకు ఏ సాయం అందాలో చట్టబద్ధంగా చెప్పే పత్రం) రాసి, ఫలానా ప్రైవేట్ స్కూలు పేరు అందులో పెట్టి తనే ఫీజు కడితే ఆ వ్యాట్ కౌన్సిల్‌కు తిరిగి వస్తుంది, కుటుంబం మీద పడదు. ప్లాన్ లేని పిల్లలే ఇరుక్కుపోయారు. పెద్ద క్లాసులో బెదిరిపోయే పిల్లవాడిని చిన్న క్లాసు కోసం ప్రైవేట్‌లో చేర్చిన తల్లిదండ్రులు మనలోనూ ఉన్నారు. మన ఇళ్లలో ఆటిజం మాట బయటికి చెప్పుకోవడమే కష్టం, ఫీజు కట్టి గుట్టుగా నెట్టుకొస్తారు. వాళ్లిప్పుడు స్టేట్ స్కూలుకు మారితే ప్లాన్ కోసం దరఖాస్తు చేయాలి. చట్టప్రకారం 20 వారాల్లో రావాలి. 2024లో ఆ గడువు లోపల వచ్చినవి సగం కూడా లేవు. ఆ మధ్య కాలంలో ఆ బిడ్డ ముప్పై మంది మధ్య సాయం లేకుండా కూర్చుంటాడు. వ్యాట్ వల్ల నిజంగా చదువు దెబ్బతినే పిల్లలు ఎవరని అడిగితే నేను వీళ్లనే చూపిస్తాను.

ఇంకో మాట, కొంచెం నొప్పి కలిగించేదే. మనం ఎక్కడి నుంచి వచ్చామో అక్కడ ఏం జరిగిందో మన కళ్లతో చూశాం. తెలంగాణలో ఇవాళ సగానికి పైగా పిల్లలు ప్రైవేట్ బడుల్లో ఉన్నారు. ఆంధ్రాలోనూ ప్రతి మండల కేంద్రంలో ప్రైవేట్ స్కూలు బస్సులే. మా అమ్మా నాన్నా చదివిన సర్కారు బడిలో ఒకప్పుడు కరణంగారి పిల్లలూ, పాలేరు పిల్లలూ ఒకే గదిలో కూర్చునేవారు. ఉన్నవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. వెళ్లిపోయినవాళ్లే గట్టిగా అడగగలిగేవాళ్లు. ఎంఈవో ఆఫీసుకు వెళ్లి టీచర్ ఎందుకు రాలేదని నిలదీసేవాళ్లు, బాత్‌రూమ్‌కు తలుపు పెట్టించేవాళ్లు వెళ్లిపోయాక బడి నోరు పోయింది. పిల్లలు తగ్గారని టీచర్లను తీసేశారు, టీచర్లు లేరని మిగిలిన పిల్లలూ వెళ్లిపోయారు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జీవో 117 వచ్చి మూడు, నాలుగు, ఐదు తరగతులను ప్రైమరీ నుంచి తీసి హైస్కూళ్లలో కలిపినప్పుడు చిన్నపిల్లలు రోడ్లు దాటి దూరం నడవాల్సి వచ్చింది. తర్వాతి ప్రభుత్వం దాన్ని రద్దు చేసేదాకా ఊళ్లలో తల్లులు ధర్నాలు చేశారు. మనం ఇక్కడ నూటికి తొంభైమూడు మంది ఒకే రకం బడికి వెళ్లే దేశంలో ఉన్నాం. డాక్టర్ కూతురు, బస్సు డ్రైవర్ కొడుకు ఒకే టేబుల్ దగ్గర కూర్చుని చదువుకునే క్లాసులు ఇక్కడ ఇంకా మిగిలి ఉన్నాయి. ఆ బడులకు మన పిల్లలు వెళ్తే ఇరుకైపోతాయని మన సంఘాల లెటర్‌హెడ్ మీద రాయడం నాకు మింగుడు పడలేదు. మన తెలుగు పిల్లల్లో చాలామంది ఇప్పటికే అక్కడున్నారు. వాళ్ల తల్లిదండ్రులు ఆ వాక్యం చదువుతారు.

అందుకని నా విన్నపం. పన్ను ఎత్తేయమన్న మాట మీరు ఉంచుకోవాలనుకుంటే ఉంచుకోండి, ఆ ఒక్కదాని కింద నేను సంతకం పెట్టను, మిగతా వాటికి పెడతాను. క్లాసులు కిక్కిరిసిపోతాయన్న వాక్యం మాత్రం తీసేయండి. దాని చోట, ఏడాది మధ్యలో ప్రైవేట్ నుంచి వచ్చే ప్రతి బిడ్డకూ చేరిన టర్మ్ నుంచే స్కూలుకు డబ్బు ఇవ్వాలని అడగండి. పన్ను ఎప్పటికప్పుడు వసూలవుతున్నప్పుడు ఆ డబ్బు పదిహేను నెలలు ఆగాల్సిన పని లేదు. ఏ కౌన్సిల్‌లో, ఏ ఇయర్ గ్రూపులో ఎంతమంది ప్రైవేట్ నుంచి చేరారో టర్మ్ టర్మ్‌కూ బయటపెట్టమనండి. సగటు లెక్కల వెనక దాక్కోవడం అప్పుడు ఎవరికీ కుదరదు. కొత్త టీచర్ల హామీలో ప్రైమరీని కలపమనండి. ఈహెచ్‌సీపీ దరఖాస్తు పెట్టుకున్న పిల్లలకు నిర్ణయం వచ్చేదాకా వ్యాట్ మినహాయింపు ఇమ్మని అడగండి. ఇది చిన్న కోరిక, ఖజానాకు పెద్ద నష్టం కాదు, ఒప్పించగలిగేది. విద్యామంత్రి బ్రిడ్జెట్ ఫిలిప్సన్‌కు, ఆర్థికమంత్రి రేచెల్ రీవ్స్‌కు విడివిడిగా పంపండి, ఎందుకంటే వీటిలో సగం ఆమె చేతిలో, సగం ఈమె చేతిలో ఉన్నాయి.

ఫీజు కట్టలేక మారుద్దామా వద్దా అని టెన్షన్ పడుతున్న కుటుంబాలకు సంఘాలు ఇప్పుడే చేయగలిగింది కూడా ఉంది. వీసా మీద ఉన్నవాళ్లకు స్టేట్ స్కూలు కుదరదని గ్రూపుల్లో ఎవరో రాస్తే చాలామంది నమ్మారు. అది తప్పు. స్టేట్ స్కూల్లో చదువు ‘పబ్లిక్ ఫండ్స్’ కిందికి రాదు, డిపెండెంట్ వీసా మీద ఉన్న పిల్లలూ చేరవచ్చు. ఏడాది మధ్యలో సీటు కోసం దరఖాస్తు పెడితే 15 స్కూలు రోజుల్లోగా జవాబు చెప్పాలి. కాదంటే అప్పీలుకు హక్కు ఉంది, వెయిటింగ్ లిస్టులో పేరు పెట్టించుకోవచ్చు. ప్రైవేట్ స్కూళ్లు చాలావరకు ఒక టర్మ్ ముందు నోటీసు అడుగుతాయి, ఇవ్వకపోతే ఆ టర్మ్ ఫీజు వసూలు చేస్తాయి. కాబట్టి చేర్చినప్పటి కాంట్రాక్టు తీసి చదువుకుని, తేదీలు చూసుకుని, అప్పుడు కౌన్సిల్‌కు ఫోన్ చేయండి. పక్క వీధిలో ఉన్న, ఆఫ్‌స్టెడ్ (స్కూళ్లను తనిఖీ చేసే సంస్థ) రిపోర్టు మాత్రమే చదివి వద్దనుకున్న స్కూలుకు ఒకసారి స్వయంగా వెళ్లి క్లాసులు చూసి రండి. ఖాళీలు అక్కడే ఉంటాయి.

స్కూళ్లలో గవర్నర్ ఖాళీలు కూడా చాలా ఉన్నాయి. మన సంఘాల్లో అకౌంటెంట్లు ఉన్నారు, హెచ్‌ఆర్ వాళ్లు ఉన్నారు, ఆసుపత్రుల బడ్జెట్లు నడిపేవాళ్లు ఉన్నారు. బడ్జెట్ కమిటీల్లో ఆ నైపుణ్యం ఉన్నవాళ్లు దొరక్క స్కూళ్లు అల్లాడుతున్నాయి. సంక్రాంతికీ ఉగాదికీ హాళ్లు బుక్ చేసి వందలమందిని ఒకచోట చేర్చగలిగే సంఘాలు, ఏడాదికి ఒక పదిమందిని ఆ కుర్చీల్లో కూర్చోబెట్టలేవా?

నేను చెప్పిన మార్పులతో తెలుగులోనూ ఇంగ్లిష్‌లోనూ ముసాయిదా తయారుచేసి ఉంచాను. మీ తర్వాతి కమిటీ సమావేశంలో చర్చకు పెడతామంటే పంపిస్తాను, రమ్మంటే వచ్చి ఒక్కో అంకె ఎక్కడిదో చూపిస్తాను. అక్టోబర్ తలల లెక్క ఆధారంగా వచ్చే ఏడాది బడ్జెట్లు ఖరారయ్యేలోగా ఇది ఎంపీల చేతికి చేరాలి. తర్వాత పంపితే ఇంకో ఏడాది ఆగాల్సి వస్తుంది.

మీ మనిషి,
ఒక పేరెంట్ గవర్నర్